పికప్ సరే, మలుపుల్లో ఎలా ఉంటుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నా దగ్గర 2018 నాటి స్కోడా ఆక్టావియా వీఆర్ఎస్ ఉంది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 230 హెచ్‌పీ. ఇల్లు కూకట్‌పల్లిలో, అపార్ట్‌మెంటు. ఆఫీసు గచ్చిబౌలిలో. ఈ ట్రాఫిక్‌లో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు కూడా రావడం లేదు. వీలు చిక్కిన ఆదివారం శ్రీశైలం రోడ్డు పట్టడం నాకున్న ఒకే ఒక్క విలాసం. ఈ కారు కొన్నదే అందుకోసం. ఇప్పుడు మా తమ్ముడు బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ తీసుకోమంటున్నాడు. నా కళ్లు మహీంద్రా బీఈ 6 మీద ఉన్నాయి. ఎలక్ట్రిక్‌కు మారితే నడిపే ఆనందమే ఉండదని స్నేహితులు హెచ్చరిస్తున్నారు. మారవచ్చా? పాతది అమ్మేయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అని మీరు అడగలేదు. శ్రీశైలం రోడ్డు గురించి అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పికప్ విషయంలో వాదనకు తావు లేదు. మీ వీఆర్ఎస్ వంద కిలోమీటర్ల వేగాన్ని ఏడు సెకన్ల లోపే అందుకుంటుంది. 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న బీఈ 6కు కంపెనీ చెబుతున్న లెక్క 6.7 సెకన్లు, అంటే ఇంచుమించు సమానం. రెండు మోటార్ల సీల్ పెర్ఫార్మెన్స్‌కైతే 3.8 సెకన్లే. మీ కారులో కాలు నొక్కాక టర్బో ఊపందుకోవాలి, గేరు కిందికి మారాలి, ఆ తర్వాత లాగుతుంది. మోటారుకు ఆ వ్యవధి అక్కరలేదు, నిలబడ్డ చోటు నుంచే దాని పూర్తి బలం చక్రాలకు అందుతుంది. షోరూము వాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో మిమ్మల్ని తిన్నని రోడ్డు మీదికి తీసుకువెళ్లి, ‘ఒక్కసారి గట్టిగా నొక్కండి సార్’ అనేది ఇందుకే. వీపు సీటుకు అతుక్కుపోతుంది. కారు కొనేయాలనిపిస్తుంది. అయితే ఆ విసురుకు మనిషి చాలా త్వరగా అలవాటు పడిపోతాడు. మలుపుల్లో కారు ఎలా నడుచుకుంటుందన్నది మాత్రం దాన్ని వాడినన్నాళ్లూ మీ చేతులకు తెలుస్తూనే ఉంటుంది. కాబట్టి పికప్ చూసి మారకండి, మలుపు చూసి మారండి.

మలుపులో మొదట తేలేది బరువు. మీ వీఆర్ఎస్ ఒకటిన్నర టన్నుకు కాస్త తక్కువే. సీల్ పెర్ఫార్మెన్స్ రెండు టన్నులు దాటుతుంది. బ్యాటరీ నేలకు దగ్గరగా పరుచుకుని ఉంటుంది కాబట్టి మలుపులో కారు పక్కకు ఒరగడం తక్కువ. మొదటిసారి నడిపినవారు దాన్ని చూసి, బరువు తెలియనే లేదంటారు. కుడి మలుపు తిరిగి వెంటనే ఎడమకు తిప్పాల్సిన చోట, లేదా మలుపు మధ్యలో గతుకు తగిలిన చోట ఆ బరువు తెలిసివస్తుంది. ఈగలపెంట దాటి కృష్ణ మీది వంతెన వైపు దిగే ఘాట్‌లో అలాంటి జంట మలుపులు మీకు తెలిసినవే. అక్కడ వీఆర్ఎస్ చేతి కదలికతో పాటే తిరుగుతుంది. బరువైన కారును ఒక క్షణం ముందుగానే సిద్ధం చేయాలి. కాలు ముందే తీయాలి, చక్రం నిదానంగా తిప్పాలి.

మీకు కలిసివచ్చేది కూడా ఒకటుంది. మీ వీఆర్ఎస్‌లో దారి చూపేవీ ముందు చక్రాలే, లాగేవీ ముందు చక్రాలే. మలుపులోంచి బయటపడుతూ కాలు కాస్త ఎక్కువ నొక్కితే స్టీరింగ్ చేతిలో కొట్టుకోవడం, కారు బయటి వైపు జారాలని చూడడం మీరు గమనించే ఉంటారు. బీఈ 6కు బలం వెనుక చక్రాల నుంచి వస్తుంది. ముందు చక్రాలకు తిప్పే పని ఒక్కటే మిగులుతుంది. మలుపు సగం దాటాక యాక్సిలరేటర్ మీద మెల్లగా కాలు మోపినప్పుడు కారు వెనుక నుంచి నెడుతున్న తీరు మీకు కొత్తగా ఉంటుంది, నచ్చుతుంది కూడా. మామూలు ధరల్లోని పెట్రోల్ కార్లలో మన దగ్గర ఇది దాదాపు కనుమరుగైంది.

ఇక బ్రేకులు. ఘాట్ దిగాక మీ కారు ఆపి కిందికి దిగితే బ్రేకు ప్యాడ్ల వాసన ముక్కుకు తగులుతుంది కదా! కొండ దిగడంలో వచ్చిన శక్తి అంతా అలా వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. రెండు టన్నుల కారు 300 మీటర్ల ఎత్తు ఎక్కిందనుకుందాం. ఆ ఎత్తుకే దాదాపు 1.6 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే మోటారే జనరేటరుగా మారి, కారును నెమ్మది చేస్తూ అందులో ఒక యూనిట్ దాకా బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. ఒక యూనిట్ అంటే ఆరు కిలోమీటర్ల ప్రయాణం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రాత్రి కొండమీద వంద శాతం చార్జింగ్ పెట్టి పొద్దున్నే దిగితే, తిరిగి వచ్చే కరెంటును దాచుకోవడానికి బ్యాటరీలో చోటుండదు. కాలు తీస్తే రోజూలా ఆగాల్సిన కారు ఆగదు, పని మొత్తం మామూలు బ్రేకుల మీద పడుతుంది. కొండమీద బస చేస్తే 85 శాతం దగ్గర ఆపేయండి.

మీ స్నేహితులు చెబుతున్న నష్టం నిజమైనదే, దాన్ని నేను తేలిక చేయను. ఆటోనగర్‌లో ఇంజిన్ల చప్పుడు వినే వాటి జబ్బు చెప్పిన మనిషిని నేను. మలుపుకు ముందు స్టీరింగ్ వెనుకుండే ఎడమ చేతి గేరు మీట (పాడిల్)తో రెండు గేర్లు దించినప్పుడు ఇంజిన్ గొంతు పెంచడం, ఆ వేగాన్ని చెవితోనే కొలుచుకోవడం, స్పీడోమీటర్ వైపు చూడకుండానే మూడో గేరులో ఉన్నామని తెలియడం ఎలక్ట్రిక్ కారులో ఉండవు. హ్యుందాయ్ 2023లో విదేశాల్లో తెచ్చిన అయానిక్ 5 ఎన్‌లో ఉత్తుత్తి గేర్లు, స్పీకర్లలోంచి ఇంజిన్ శబ్దం పెట్టారు. చాలామంది మెచ్చుకున్నారు. నా మనసు మాత్రం దానికి ఒప్పుకోదు. కొత్త యంత్రం చేయగలిగిన పనిని నేర్చుకోవడంలోనే నాకు ఆనందం.

అందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ రేసు కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. అక్కడ నేను గమనించింది డ్రైవర్ల కుడికాలి పని. ఆ తరం కార్లు పోటీలో వాడుకునే శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకులు వేయడం ద్వారా తిరిగి సంపాదించుకున్నదే. వాటికి వెనుక చక్రాల దగ్గర మామూలు బ్రేకులే లేవు, ఆ పని మోటారుదే. మలుపుకు ఎంత ముందు కాలు తీయాలి, ఎంత దూరం ఊరికే దొర్లనివ్వాలి, ఎక్కడ పట్టాలి అన్నదే అక్కడ ఆట. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్, వెనుక నిక్ కాసిడీ తరుముతుండగా, తక్కువ చార్జింగ్‌తోనే చివరి దాకా చోటు వదలలేదు. ఇంజిన్ మోత లేకపోవడంతో టైర్లు రోడ్డును రాసుకునే చప్పుడు స్పష్టంగా వినబడింది. కారు పట్టు ఎంత మిగిలిందో చెప్పేది ఆ చప్పుడే. మీ కారులో ఇన్నాళ్లూ ఇంజిన్ హోరు దాన్ని కప్పేసింది. శ్రీశైలం మలుపుల్లో కిటికీ కొంచెం దించి నడపండి, అర్థమవుతుంది.

ఇక ఏ కారు? నేనైతే బీఈ 6 వైపు. సీల్ పెర్ఫార్మెన్స్ ధరలో దాదాపు సగానికే వస్తుంది, మీ వీఆర్ఎస్‌కు తగ్గని వేగం ఉంది, నేలకు తగినంత ఎత్తులో ఉంటుంది. సీల్ అందమైన సెడాన్, కానీ నేలకు దగ్గరగా ఉంటుంది. మన కాలనీల స్పీడ్ బ్రేకర్ల మీద రోజూ దాని పొట్ట గురించి ఆలోచిస్తూ గడపాలి. దాని 3.8 సెకన్లను మన రోడ్ల మీద న్యాయంగా వాడుకునే చోటు ఏది? అవుటర్ రింగ్ రోడ్డు మీదైనా పరిమితి 120 కిలోమీటర్లే.

అయినా నా మాట మీద కొనకండి. రెండింటినీ వికారాబాద్ దగ్గర అనంతగిరి రోడ్డు మీద నడిపించమని షోరూములో పట్టుబట్టండి. బ్రేకు పెడల్‌ను మెల్లగా నొక్కుతూ వెళ్లండి. కారును మోటారు ఆపడం మానేసి అసలు బ్రేకులు ఆ పని అందుకునే చోట కాలికి కుదుపు తెలిస్తే, ఆ కారు ఘాట్‌లో మీకు విసుగు పుట్టిస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక కారు ఒకసారి ఊగి నిలవాలి, రెండోసారి ఊగకూడదు. టైర్ల సైజు రాసుకుని, నాలుగింటికీ ధర కనుక్కుని రండి. బరువుకు తోడు ఆ బలం వల్ల అవి పెట్రోల్ కారు టైర్ల కంటే త్వరగా అరుగుతాయి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మీ అపార్ట్‌మెంటు సంఘంతో మాట్లాడడం. చార్జింగ్ పాయింటుకు అనుమతి చేతికి రాకుండా కారు బుక్ చేయకండి. ఆఫీసుకు వెళ్లి రావడానికి రోజుకు ఐదారు యూనిట్లు చాలు. 16 ఆంపియర్ల సాకెట్ దగ్గర రెండు గంటల పని. కానీ ఆ సాకెట్‌కు మీటరు నుంచి విడిగా తగినంత లావు వైరు, మంచి ఎర్తింగ్, లీకేజీ వస్తే ఆపేసే బ్రేకరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అస్సలు వద్దు. బండి చార్జింగ్‌కు విడిగా మీటరు తీసుకుంటే ఇంటి బిల్లు పై శ్లాబుకు ఎగబాకదు. యూనిట్ పది రూపాయలు పడ్డా కిలోమీటరుకు రెండు రూపాయలు మించదు, ఇప్పుడు మీకు పదమూడు దాకా అవుతోంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ప్రకటించారు. ఆ తేదీ కూడా లెక్కలో పెట్టుకోండి.

శ్రీశైలం వెళ్లేటప్పుడు ఒక మాట. వేగం 80 నుంచి 120కి పెంచితే గాలి అడ్డు రెండింతలు దాటుతుంది. పెట్రోల్ ఇంజిన్ ఎలాగూ ఎక్కువ భాగం వేడిగా పోగొడుతుంది కాబట్టి ఈ తేడా మనకు అంతగా కనబడదు. ఎలక్ట్రిక్ కారులో శాతం కళ్లముందే తరిగిపోతుంది. పూర్తి చార్జింగ్‌తో బయలుదేరండి, చార్జర్ ఎక్కడుందో ముందే చూసుకోండి, అది పనిచేయకపోతే వెళ్లే రెండోది కూడా. అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. సాయంత్రం చార్జర్ దగ్గర వరుసలో చిక్కుకుంటే చెక్‌పోస్టు మూతపడుతుంది.

వీఆర్ఎస్‌ను వెంటనే అమ్మకండి. రెండో పార్కింగ్ ఉంటే ఒక ఆరు నెలలు ఉంచండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపడం కాదు, వారానికోసారి ఆయిల్ బాగా వేడెక్కేదాకా నడపండి. నడిపే తీరిక లేకపోతే మాత్రం దాన్ని మూలన పడేయకుండా, ఇష్టంగా నడిపే మనిషిని వెతికి ఇవ్వండి. అలాంటి కారు మన దగ్గర మళ్లీ తేలిగ్గా దొరకదు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాను. ఐదు లీటర్ల వీ8 మస్టాంగ్ జీటీ ఇచ్చేసి టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్ తీసుకుందామని ఉంది. నెలకోసారి ట్రాక్ మీదికి వెళ్తాను. ఇంటినుంచే పని.
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీరు మారవద్దు. ఆఫీసు ప్రయాణం లేదు కాబట్టి పెట్రోల్ మీద మిగిలేది స్వల్పం. కొత్త ఎలక్ట్రిక్ కారుపై ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. టెక్సాస్‌లో ఎలక్ట్రిక్ కారుకు ఏటా 200 డాలర్ల అదనపు రుసుము కూడా ఉంది, కొత్త కారుకు మొదట 400. మోడల్ 3 వేగంలో మస్టాంగ్‌ను తేలిగ్గా దాటేస్తుంది, సందేహం లేదు. కానీ ట్రాక్ మీద ల్యాపు వెనుక ల్యాపు తిరిగితే బ్యాటరీ వేడెక్కి బలం తగ్గుతుంది, టైర్లు కరిగిపోతాయి, తర్వాతి సెషన్‌కు ముందు చార్జర్ వెతుక్కోవాలి. ట్రాక్ మానేసిన రోజు మళ్లీ రాయండి.

ప్రశ్న: మావారు 280 హెచ్‌పీకి పైగా ఉన్న ఎలక్ట్రిక్ కారు బుక్ చేశారు. మా అబ్బాయికి పందొమ్మిదేళ్లు, లైసెన్సు కొత్తగా వచ్చింది. వాడు నడుపుతానంటే నాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. పెట్రోల్ కారులో ఇంజిన్ మోత కొత్త డ్రైవరును హెచ్చరిస్తుంది. ఇందులో వంద దాటినా లోపల నిశ్శబ్దమే. వేగానికి, బలానికి పరిమితి పెట్టి పాస్‌వర్డ్‌తో లాక్ చేసే వీలుందా అని షోరూములో అడగండి. చాలా కార్లలో ఉంటుంది. లేకపోతే కనీసం, కారు మెల్లగా స్పందించే ఎకో మోడ్‌లోనే నడపాలని నియమం పెట్టండి. మొదట కొన్నాళ్లు మీవారిని పక్కన కూర్చుని ఖాళీ మైదానంలో గట్టిగా బ్రేకు వేయడం నేర్పించమనండి, తడి నేల మీద కూడా. ఇంత బరువైన కారు ఎంత దూరంలో ఆగుతుందో వాడి కాలికి తెలియాలి. కాలువ గట్ల రోడ్ల మీదికి, రాత్రిపూట హైవే మీదికి ఆ తర్వాతే. ఆ పాస్‌వర్డ్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.