ప్రాజెక్టుల డిగ్రీ కోసం ప్లాట్ అమ్మాలా?

ప్రశ్న: నేను నర్సంపేట దగ్గర స్కూల్ అసిస్టెంట్‌ని. మా వారికి ఎరువుల దుకాణం ఉంది. ఇద్దరిదీ కలిపి నెలకు 95 వేలు వస్తాయి, అందులో ఇంటి లోన్ ఈఎంఐ 18 వేలు. ఎఫ్‌డీ 6 లక్షలుంది. 5 లక్షల చిట్టీ ఇంకో 22 నెలలు కట్టాలి. పాపకి ఎప్‌సెట్‌లో కన్వీనర్ కోటా కింద ఈసీఈ వచ్చేలా ఉంది. తనేమో వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల ఇంటర్‌డిసిప్లినరీ (పలు సబ్జెక్టులు కలిపిన) డిగ్రీ చేస్తానంటోంది. ఊళ్లలో చెరువులు, చెత్త, ఆస్పత్రులు, ఇలాంటి నిజమైన సమస్యల మీదే చదువంతా అట. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 5 లక్షలు. బాబు ఎనిమిదో తరగతి. చిట్టీ పాడేసి, హనుమకొండ దగ్గరున్న 150 గజాల ప్లాట్ అమ్మి చేర్పించమంటారా?

జవాబు: టీచరుగారూ, ప్లాట్ జోలికి వెళ్లకండి. చిట్టీ కూడా ఇప్పుడే పాడకండి. చేర్పించాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట.

మీ పాపకి నచ్చిన చదువు ఉత్త మాట కాదు. స్టాన్‌ఫర్డ్‌లో ‘డిజైన్ ఫర్ ఎక్స్‌ట్రీమ్ అఫర్డబిలిటీ’ అనే క్లాసు ఉంది. 2007లో అక్కడి విద్యార్థుల జట్టుకి చవకైన ఇంక్యుబేటర్ తయారు చేయమని పని అప్పగించారు. జట్టులో ఎంబీఏ వాళ్లూ ఉన్నారు, ఇంజినీర్లూ ఉన్నారు. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే కాఠ్మాండూ ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా పడున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పల్లెల పిల్లలు అసలు అక్కడిదాకా రాలేకపోతున్నారు! దాంతో యంత్రం సంగతి పక్కనపెట్టి, కరెంటు నిరంతరం అవసరం లేకుండా బిడ్డను 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచే చిన్న సంచీ తయారు చేశారు. ఆ తర్వాత ఆ పనిని బెంగళూరుకి తెచ్చారు.

అయితే అది వాళ్లు చదువుతున్న డిగ్రీల్లో తీసుకున్న ఒక కోర్సు. అదే ఒక డిగ్రీ కాదు. ఎంబీఏ విద్యార్థి ఎంబీఏ చేస్తూనే, కంప్యూటర్స్ విద్యార్థి కంప్యూటర్స్ చదువుతూనే ఆ క్లాసులో కూర్చున్నారు. మన దగ్గర మాత్రం ఆ ఒక్క ముక్కనే డిగ్రీ పేరుగా పెట్టి, ఫీజు మూడింతలు చేసి అమ్మడం కనిపిస్తోంది. అందరూ అలా అని అనను.

కిందటేడు ఒక తండ్రి నా దగ్గరికి బ్రోచర్ తెచ్చాడు. అట్ట మీద పిల్లలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి టేపుతో చెరువు కొలుస్తున్నారు. ఫొటో బాగుంది. వెనక పేజీలో ఫీజుల పట్టిక కింద, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ‘ఫీల్డ్ ప్రయాణ ఖర్చులు అదనం’ అని ఉంది. ఎంత అదనమో అడగడానికి ఆయన ఫోన్ చేస్తే, అవతలివాళ్లు హయ్యెస్ట్ ప్యాకేజీ గురించి చెప్పారు.

మీరూ ఫోన్ చేయండి. హయ్యెస్ట్ ప్యాకేజీ వద్దు, కిందటి బ్యాచ్‌లో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో చెప్పమనండి. ప్రాజెక్టు ఎవరి కోసం చేస్తారు, పంచాయతీయా, ఆస్పత్రా, కంపెనీయా? పని అయ్యాక దాన్ని వాళ్లు వాడుతున్నారా? మూడేళ్లకే బయటికొస్తే ఏ డిగ్రీ ఇస్తారు? ఈమెయిల్‌లో జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

ఇప్పుడు లెక్క. నాలుగేళ్లకు 20 లక్షలు. ఏటా 2.5 లక్షల చొప్పున 10 లక్షలు ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి, దాటొద్దు. మిగతా సగంలో మొదటి రెండేళ్లకు ఎఫ్‌డీ నుంచి 5 లక్షలు వాడండి. మూడో ఏడు ఫీజు వేళకి చిట్టీ ఆఖరికి వచ్చేస్తుంది, కమీషన్ పోను సుమారు 4.75 లక్షలు చేతికొస్తాయి. ఇప్పుడే పాడితే, గ్రూపులో పోటీ ఉంటే, లక్ష పైనే వదులుకోవాలి. ఎఫ్‌డీలో మిగిలేది లక్షే. అది తక్కువని నాకూ తెలుసు. చిట్టీ అయ్యాక మిగిలే వాయిదా డబ్బుతో దాన్ని పెంచండి.

వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువైన ఏడాది దాకా అసలు సొమ్ము కట్టక్కర్లేదు గానీ వడ్డీ ఆగదు. ఏమీ కట్టకపోతే అప్పటికి 3.5 లక్షలు పేరుకుని బాకీ 13.5 లక్షలవుతుంది. పదేళ్లకు ఈఎంఐ సుమారు 17,800. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే 13,200. అలా కట్టడానికి మొదటేడు నెలకు 2,100, చివరికొచ్చేసరికి 8,300. మీకు భారం కాదు. పాపకి మొదటి జీతం 40 వేలు వస్తే 13,200 మూడో వంతు, ఊపిరాడుతుంది. 17,800 అయితే సగానికి దగ్గర. పైగా సరిగ్గా అప్పుడే బాబు కాలేజీ ఫీజులు మొదలవుతాయి.

కేంద్రం ఎడ్యుకేషన్ లోన్ పథకం పీఎం విద్యాలక్ష్మిలో వడ్డీ రాయితీ ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకే, మీకు రాదు. కానీ యూనివర్సిటీ ఆ పథకం జాబితాలో ఉంటే తనఖా, హామీ లేకుండా లోన్ వస్తుంది. లేకపోతే 7.5 లక్షలు దాటితే సాధారణంగా తనఖా అడుగుతారు. ప్లాట్ అక్కడ పనికొస్తుంది. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఫీజు కట్టారా, కాగితాలన్నీ ఉన్నాయా చూసుకోండి. మీరు పాత పన్ను విధానంలో ఉండి, లోన్ మీ పేరున కూడా ఉంటే, కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంటుంది.

నా ఓటు అడిగితే ఈసీఈకే. చాలా కాలేజీల్లో 18-20 అదనపు క్రెడిట్లతో ఇంకో సబ్జెక్టులో మైనర్, అంటే పక్క సబ్జెక్టుగా చదువు, చేయొచ్చు. కాలేజీలు ఊళ్లను దత్తత తీసుకునే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్‌లో మీ కాలేజీ ఉంటే దత్తత ఊళ్లలో పని కూడా దొరుకుతుంది. పాపకి అప్పటికీ ఆ ఇష్టం తగ్గకపోతే ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఐఐటీ బాంబేలో సితార (CTARA) అనే కేంద్రానికి వెళ్లొచ్చు. గ్రామాల సాంకేతిక అవసరాల కోసం 1985లోనే పెట్టిన కేంద్రం అది. ఎంటెక్‌లో నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, మీరు ప్లాట్ అమ్మడం కాదు, వాళ్లే మీకు ఎదురు డబ్బిస్తారు.

పాప ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, పైన చెప్పిన పది లక్షల గీత మాత్రం దాటకండి. యూనివర్సిటీకి అడ్వాన్స్ కట్టేముందు రీఫండ్ గడువు రాతపూర్వకంగా తీసుకోండి, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ తేదీలతో పోల్చి చూడండి. కన్వీనర్ సీటు చేతిలో ఉండగానే ఈ నిర్ణయం తీసుకోవాలి.