ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకి ఏం చదవాలి? ఒకసారి ఫెయిలైనదాన్ని కాబట్టి చెప్తున్నా

వచ్చే వారం బైక్ ఎల్‌ఎల్‌ఆర్‌కి, అంటే నేర్చుకునేవాళ్లకి ముందుగా ఇచ్చే లెర్నర్ లైసెన్స్‌కి, స్లాట్ ఉంది, కంప్యూటర్ మీద పెట్టే పరీక్షకి ఏం చదవాలి, పదహారేళ్ల తమ్ముడు కూడా రాయొచ్చా అని అడిగారు కదా.

ముందు నా ఘనకార్యం వినండి. మాది గోపాలపట్నం. మా మేనల్లుడికి 18 నిండగానే వాడితో పాటు నేనూ అప్లై చేశాను, నాకప్పుడు 36. వాడు రెండు రోజులు కూర్చుని చదివాడు. నేనేమో పదిహేనేళ్లుగా మా ఆయన బండి వెనక కూర్చుని వైజాగ్ అంతా తిరిగినదాన్ని, ఏ సిగ్నల్ ఎంతసేపు పడుతుందో కూడా చెప్పగలను, దీనికి మళ్ళీ చదవడమేంటి అనుకున్నాను. మాకు 20 ప్రశ్నలు వచ్చాయి, 60 శాతం అంటే 12 కరెక్టు అవ్వాలి. వాడికి 19. నాకు 11. బయటికొచ్చాక నవ్వు ఆపుకుంటూ, "ఏటత్తా, రోడ్డు మీద జనం ఎలా చేస్తే అలాగే పెట్టేశావా?" అన్నాడు. ఒళ్ళు మండింది గానీ వాడన్నది నిజం. నేను పోగొట్టుకున్నవన్నీ దాదాపు అలాంటివే.

పసుపు లైటే తీసుకోండి. మద్దిలపాలెం దగ్గర పసుపు పడితే ఏం చేస్తాం, ఇంకాస్త రేజ్ ఇస్తాం. పరీక్షలో అడిగేది అది కాదు. స్టాప్ లైన్ దాటకపోతే ఆగాలి, అప్పటికే దాటేసి ఉంటే జంక్షన్ ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. అలాగే ఘాట్ రోడ్డులో ఎదురెదురుగా వస్తే ఎవరికి దారివ్వాలి అని ఇంకోటి. దిగేవాడికి బ్రేకు పట్టదేమో పాపం అని దిగేవాడికి పెట్టాను. తప్పు. ఎక్కేవాడికే ఇవ్వాలి, ఎందుకంటే ఎక్కుతూ మధ్యలో ఆగితే మళ్ళీ కదలడం కష్టం, బండి వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు ఇంజిన్ ఆపడం, న్యూట్రల్‌లో వదిలేయడం కూడా తప్పే. మా నాన్న సింహాచలం కొండ మీంచి పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ కట్టేసి దిగేవారు, చిన్నప్పుడు ట్యాంకు మీద కూర్చుని ఆ గాలి శబ్దం వింటుంటే నాకు భలే ఉండేది! భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయని, తక్కువ గేర్‌లో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుందని పరీక్షకి చదివాకే తెలిసింది.

ఇక గుర్తులు. ఒక్కొక్కటీ బట్టీ పడితే పరీక్ష టైముకి అన్నీ కలిసిపోతాయి, ముందు ఆకారం చూడండి. ఎర్ర అంచున్న త్రికోణం అంటే ముందు ఏదో ఉంది, జాగ్రత్త అని. గుండ్రంగా ఉంటే అది ఆజ్ఞ, పాటించి తీరాలి. నీలం దీర్ఘచతురస్రం సమాచారం, ఆసుపత్రి, పెట్రోలు బంకు లాంటివి. స్టాప్ బోర్డు ఎనిమిది మూలలది, దారివ్వండి అనేది తలకిందులు త్రికోణం, ఈ రెండూ వేరేగా గుర్తుపెట్టుకోండి. నన్ను దెబ్బకొట్టినవి నో పార్కింగ్, నో స్టాపింగ్. రెండూ ఎర్ర అంచున్న నీలం గుండ్రాలే, ఒకదానికి ఒక అడ్డగీత, రెండోదానికి రెండు గీతలు కత్తెరలా. స్క్రీన్ మీద బొమ్మ చిన్నగా ఉంది, పక్కన టైము పరిగెడుతోంది, గీత ఒకటా రెండా చూడకుండానే నొక్కేశాను. ఇప్పుడు నా లెక్క ఇది: ఒక గీతైతే మనిషిని దింపి వెళ్ళిపోవచ్చు గానీ బండి పెట్టకూడదు, రెండు గీతలైతే అసలు ఆగనే కూడదు. ద్వారకానగర్ వెళ్ళినప్పుడల్లా బోర్డులు చూస్తూ నాలో నేనే చెప్పుకునేదాన్ని.

మిగతావి తేలికే. యాక్సిడెంట్ అయితే ముందు దెబ్బ తగిలినవాళ్లకి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకి 24 గంటల్లోపు చెప్పాలి. మద్యం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకీ ఉండాలి. కాపలా లేని రైల్వే గేటు దగ్గర బండి ఆపి, దిగి, రెండు వైపులా చూసుకుని అప్పుడు దాటాలి. 2019 నాటికే బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లు లేకుండా చేశారు, అయినా ప్రశ్న మాత్రం పోలేదు, నాకు రెండుసార్లూ వచ్చింది.

లైసెన్సులకి అప్లై చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ సారథి పోర్టల్‌లో నమూనా పరీక్ష ఉంటుంది, రోజూ రెండు మూడు సార్లు రాయండి. తప్పు పోయిన ప్రశ్నని ఒక కాగితం మీద రాసుకుని, ఎందుకు తప్పో ఇంట్లో ఎవరికైనా వివరించండి. నేను వంట చేస్తూ మా ఆయనకి చెప్పేదాన్ని, లైసెన్స్ తీసుకుని పదిహేనేళ్లయిన ఆయనకి సగం తెలీదు. రెండోసారి 18 వచ్చాయి.

మీ తమ్ముడి సంగతి. పదహారేళ్లకి ఇచ్చేది 50 సీసీ దాటని గేర్ లేని బండికి, అదీ ఇంట్లోవాళ్ల అంగీకారంతో. యాక్టివా లాంటివి ఆ లెక్కలోకి రావు, వాటి ఇంజిన్ దానికి రెట్టింపు ఉంటుంది. కాబట్టి మీ స్కూటీ మీద కన్నేసి ఉంటే 18 దాకా ఆగమనండి. వాడు నడుపుతూ దొరికితే కేసు పెద్దవాళ్ల మీదికి వస్తుంది, జరిమానానే 25,000. మీరు మాత్రం అప్లికేషన్‌లో గేర్ ఉన్న బండి అనే పెట్టండి. నేను స్కూటీయే కదా అని గేర్ లేనిది పెట్టాను, ఇప్పుడు మా ఆయన బైక్ తియ్యాలంటే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

పాసయ్యాక ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు దాటాక డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళొచ్చు. ఈలోపు బండికి ముందూ వెనకా తెల్ల దాని మీద ఎర్ర ఎల్ అతికించాలి, వెనక లైసెన్స్ ఉండి నేర్పేవాళ్లు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. మా మేనల్లుడు ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన సాయంత్రమే ఫ్రెండుని ఎక్కించుకుని బీచ్ రోడ్డుకి బయల్దేరాడు. 19 మార్కులు వచ్చినవాడు! గేటు దగ్గరే తాళం లాక్కున్నాను.