నానోసైన్స్‌లో ప్రశ్న ముందా, ప్రయోజనం ముందా?

"నానోసైన్స్ వచ్చాక పరిశోధన అంతా వాడకం వైపే మళ్ళిందా? తెలుసుకోవడం కోసం చేసే సైన్స్ తగ్గిపోయిందా?" అని అడిగారు. ఆరేళ్ళు బంగారు నానోకణాలతో, అంటే కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులతో పనిచేశాను కాబట్టి, నాకు అనుభవమైన మేరకు చెబుతాను.

మళ్ళిన మాట నిజమే. 1857లో ఫారడే బంగారాన్ని నీటిలో అతి సన్నని కణాలుగా చేసి, కాంతి వాటితో ఎలా ప్రవర్తిస్తుందో చూశాడు. ఆయనకు కావలసింది అంతే. 2000లో అమెరికా నానోటెక్నాలజీకి పెద్ద ఎత్తున నిధులు ప్రకటించినప్పుడు, అక్కడి మహా గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని సమాచారమంతా చక్కెర ముక్కంత పరికరంలో పట్టించడం గురించి అప్పటి అధ్యక్షుడు క్లింటన్ మాట్లాడాడు. నేను నిధుల కోసం దరఖాస్తు రాసే నాటికి మొదటి పేజీలోనే 'ఎక్కడ ఉపయోగపడుతుంది?' అన్న గడి వచ్చేసింది. ర్యాపిడ్ టెస్ట్ కిట్ అని రాశాను. చాలా కిట్లలో కనిపించే ఎర్ర గీత ఈ బంగారు కణాలదే.

బంగారు క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి సిట్రేట్ అనే లవణం కలిపిన నీళ్ళు పోస్తే, చూస్తుండగానే ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా విసుగు రాలేదు. తిప్పలన్నీ ఆ తర్వాతే. కణాలకు యాంటీబాడీ (వైరస్‌ను పట్టుకునే ప్రోటీన్) పూతగా పట్టించి ఉప్పు కలిపితే ఒక బ్యాచ్ ఎర్రగా నిలిచేది, ఇంకొకటి నీలంగా మారేది. నీలమైతే కణాలు ముద్దకట్టాయన్నమాట. కణాల మీది రుణావేశం వాటిని దూరదూరంగా ఉంచుతుంది. ఉప్పు ఆ ఆవేశానికి అడ్డుపడుతుంది. పూత సరిగ్గా లేకపోతే అవి అతుక్కుపోతాయి. నాలుగు నెలలు టెన్షన్ పడుతూ పీహెచ్‌ను (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలతను) కొంచెం కొంచెంగా మార్చి చూశాను. చివరికి ఒక పీహెచ్ దగ్గర పూత గట్టిగా నిలిచింది.

కానీ యాంటీబాడీ ఆ కణం మీద ఏ వైపు తిరిగి కూర్చుంటోంది? వైరస్‌ను పట్టుకునే కొస బయటికి ఉందా, లోపలికి నొక్కుకుపోయిందా? అసలు విషయం అక్కడే ఉందని నాకు అనిపించింది. కిట్ తయారు చేయకపోతే ఈ ప్రశ్న నాకు తట్టేదే కాదు. దాని కోసం ఇంకో ఏడాది అడిగితే, నిధులిచ్చినవాళ్ళు కిట్ పనిచేస్తోంది కదా అని ఫైలు మూసేశారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి వాడకం సైన్స్‌ను చంపేస్తుందని నేను అనను. స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ 1981లో పుట్టింది ఐబీఎం ల్యాబ్‌లోనే. కంప్యూటర్ పరికరాల్లో వాడే పలుచని ఆక్సైడ్ పొరల్లో లోపాలు ఎక్కడున్నాయో చూడాలన్న అవసరం అక్కడి శాస్త్రవేత్తలు బిన్నిగ్, రోరర్‌లను ఆ దారి పట్టించింది. దాంతో పరమాణువులే కనిపించాయి. అలాగని క్వాంటమ్ డాట్స్‌ను, అంటే సైజును బట్టి రంగు మారే, ఇప్పుడు టీవీ తెరల్లో వాడే అతి చిన్న స్ఫటికాలను మరవకూడదు. 1980ల మొదట్లో వాటిని కనిపెట్టిన శాస్త్రవేత్త ఎకిమోవ్ రంగు గాజును పరిశీలించింది టీవీ తెరల కోసం కాదు. అవసరం ప్రశ్నను పుట్టించగలదు, ఆ ప్రశ్నను చివరిదాకా వెంటాడే టైమ్ మాత్రం ఇవ్వదు. నాకు పోయింది ఆ టైమే.

మీరు ఈ రంగంలోకి వస్తుంటే, దరఖాస్తులోనే ఒక 'ఎందుకు' ప్రశ్నకు విడిగా ఆరు నెలలు, దానికి కావలసిన పరికరానికి డబ్బు అడగండి. నా తర్వాతి ప్రాజెక్టులో అలాగే అడిగాను, ఇచ్చారు.