స్థిరోష్ణకంలో స్థిరంగా ఉండేది ఏది?

సందేహం: తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఉష్ణగతికశాస్త్రంలో 'స్థిరోష్ణక ప్రక్రియ' అని ఒకటుంది. పేరులోనే 'స్థిర' ఉంది కదా అని ఉష్ణోగ్రత మారదనుకుని లెక్క చేస్తే తప్పయింది. ఉష్ణోగ్రత మారనిది 'సమోష్ణోగ్రతా ప్రక్రియ' అట. స్థిరమన్నా సమమన్నా ఒకటే కదా! పదం కూర్చడంలోనే పొరపాటు జరిగిందా? ఇంకొకటి: ఎంట్రోపీని 'అస్తవ్యస్తత' అని రాయవచ్చా?

సమాధానం: స్థిరం, సమం అనే మాటలతో పేచీ లేదు. వాటి పక్కన ఉన్నవాటిని చూడండి. ఒకచోట ఉన్నది ఉష్ణం, రెండోచోట ఉష్ణోగ్రత. ఉష్ణ, ఉగ్రత అనే రెండు మాటలు గుణసంధితో కలిసి ఉష్ణోగ్రత అయ్యాయి. ఉగ్రత అంటే తీవ్రత. వేడి ఎంత అందింది అనేది ఒక ప్రశ్న, వేడి తీవ్రత ఎంత అనేది మరో ప్రశ్న. 0 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచు కరగాలంటే దాదాపు 334 జౌళ్ల ఉష్ణం అందాలి. అంత ఉష్ణం లోపలికి వెళ్లినా, మంచంతా కరిగేదాకా థర్మామీటరు 0 దగ్గరే ఉంటుంది. ఉష్ణం వచ్చింది, ఉష్ణోగ్రత కదల్లేదు.

మీ స్థిరోష్ణకంలో కథ తిరగబడుతుంది. ఉష్ణం రాదు, పోదు, అయినా ఉష్ణోగ్రత మారుతుంది. 27 డిగ్రీల దగ్గరున్న గాలిని ఉష్ణం బయటికి పోయే సందు లేకుండా పదహారో వంతు ఘనపరిమాణానికి నొక్కామనుకోండి. ఆదర్శ వాయువు లెక్క ప్రకారం ఉష్ణోగ్రత 630 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ అక్కర్లేకపోవడానికి కారణం ఇదే. నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది.

ఈ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో అణువుల స్థాయిలో చూస్తేనే మనసుకెక్కుతుంది. ఎదురుగా దూసుకొచ్చే బ్యాట్‌కు తగిలిన బంతి వచ్చినదానికంటే వేగంగా వెనక్కి పోతుంది. లోపలికి జరుగుతున్న పిస్టన్‌కు తగిలిన ప్రతి అణువు పనీ అంతే. వేగం పెరిగితే సగటు గతిజశక్తి పెరుగుతుంది. వాయువు విషయంలో, అసంఖ్యాకమైన అణువుల తీరును సగటుల్లో లెక్కగట్టే సాంఖ్యక యాంత్రికశాస్త్రం ఉష్ణోగ్రత అని కొలిచేది ఆ సగటునే. శక్తిని ఇచ్చింది పిస్టన్ చేసిన పని. గోడల గుండా ఉష్ణం రాలేదు.

ఇక పదం సంగతి. స్థిరోష్ణకం బహువ్రీహి: 'స్థిరమైన ఉష్ణం కలది' అని విగ్రహవాక్యం, చివరి 'క' సమాసాంత ప్రత్యయం. వ్యాకరణపరంగా వంక పెట్టడానికి లేదు. అయినా ఈ పేరు నాకు నచ్చదు. 'స్థిరమైన ఉష్ణం' అనాలంటే వస్తువులో ఫలానా మొత్తం ఉష్ణం నిలవ ఉండాలి. పద్దెనిమిదో శతాబ్దంలో అలాగే అనుకున్నారు. ఉష్ణం 'కెలోరిక్' అనే ద్రవమని నమ్మి రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ 1789లో దాన్ని మూలకాల పట్టికలో కూడా చేర్చాడు. ఫిరంగి గొట్టాలను తొలిచే కొద్దీ వేడి తరగకుండా పుడుతూనే ఉందని రంఫర్డ్ 1798లో చూపించాక ఆ నమ్మకం సడలింది. తర్వాత జౌల్ పనికి, ఉష్ణానికి లెక్క కుదిర్చాడు. ఇప్పుడు వస్తువులో ఉండేది అంతర్గత శక్తి. ఉష్ణోగ్రతల తేడా వల్ల ఒకదాని నుంచి మరోదానికి బదిలీ అయ్యేటప్పుడే దాన్ని ఉష్ణం అంటాం. కెలోరిక్ పోయింది, దాని నీడ మాత్రం ఈ పేరులో మిగిలిపోయింది. స్థిరోష్ణకాన్ని ఇంగ్లీషులో 'అడయబాటిక్' అంటారు; దానికి మూలమైన గ్రీకు మాటకు 'దాటిపోనివ్వనిది' అని అర్థం. అందులో ఉష్ణం ప్రస్తావనే లేదు, ఉన్నదల్లా అడ్డుగోడ. మనవాళ్లు ఆ గోడను వదిలేసి ఉష్ణాన్ని పట్టుకున్నారు.

విచిత్రమేమిటంటే, ఈ తేడా చెప్పే మాట మన వాడుకలో ఎప్పటి నుంచో ఉంది. 'నీళ్లలో వేడి ఉంది' అంటాం, 'నీళ్లలో సెగ ఉంది' అనం. సెగ తగులుతుంది, కొడుతుంది, సోకుతుంది. ఎక్కడి నుంచో వచ్చి ఎవరికో చేరేదే సెగ. భౌతికశాస్త్రజ్ఞుడి ఉష్ణానికి ఇంత దగ్గరి మాట నాకు ఇంకొకటి తోచలేదు. అలాగని పరీక్షలో 'సెగ రాని ప్రక్రియ' అని రాస్తే మార్కులు పోతాయి, ఆ పాపం నాకొద్దు! స్థిరోష్ణకం అనే రాయండి, 'ఉష్ణ వినిమయం లేనిది' అని అర్థం చేసుకోండి.

ఎంట్రోపీ విషయంలో క్లుప్తంగా చెబుతాను. అస్తవ్యస్తత అనేది చూసేవాడి అభిప్రాయం, ఎంట్రోపీ లెక్కకు అందే రాశి. పది నాణేలు ఎగరేస్తే అన్నీ బొమ్మలే పడే తీరు ఒక్కటి, అయిదు బొమ్మలు అయిదు బొరుసులు పడే తీరులు 252. వియన్నాలో భౌతికశాస్త్రజ్ఞుడు బోల్ట్స్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రం చెప్పేది అణువులు అమరగల ఇలాంటి తీరుల సంఖ్య గురించే. ఆ సంఖ్య లాగరిథమ్‌ను ఒక స్థిరాంకంతో గుణిస్తే ఎంట్రోపీ వస్తుంది. గదిలో సామాను చిందరవందరగా పడి ఉందా లేదా అన్నదానితో దీనికి పని లేదు. 1865లో భౌతికశాస్త్రజ్ఞుడు క్లాసియస్ ఎంట్రోపీ అనే పేరును 'ఎనర్జీ'కి జోడీగా వినిపించేలా కావాలనే కల్పించాడు. తెలుగు పుస్తకాల్లోనూ ఎంట్రోపీ అనే స్థిరపడింది, దాన్ని అలాగే ఉండనివ్వండి. 'అస్తవ్యస్తత' అని తప్పనిసరిగా రాయాల్సి వస్తే, ఉపమానంగానే వాడుతున్నానని పక్కనే ఒక ముక్క చేర్చండి.