గీకించుకున్నాక ఏం చేస్తున్నారు?

ప్రశ్న: నా వయసు 36. ఆఫీసు అయ్యాక రోజూ షటిల్ ఆడతాను. ఐదు నెలలుగా కుడి మోచెయ్యి బయటి వైపు నొప్పి. బకెట్ ఎత్తినా, తలుపు గడియ తీసినా చురుక్కుమంటోంది. టెన్నిస్ ఎల్బో అన్నారు. ఇంటి దగ్గర ఫిజియోథెరపీ క్లినిక్‌లో స్టీలు పనిముట్టుతో గీకుతున్నారు. లోపల కణజాలం అతుక్కుపోయిందట, దాన్ని విడగొడుతున్నారట. చేయించుకున్న రోజు హాయిగా ఉంటుంది, రెండ్రోజులకు మళ్లీ మామూలే. పది సిట్టింగులకు ముందే డబ్బు కట్టేశాను. కొనసాగించాలా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కట్టేశారు కాబట్టి మానేయమనను గానీ, ఈసారి వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి: "గీకడం అయ్యాక నాతో ఏ వ్యాయామం చేయిస్తారు?" దానికి జవాబు లేకపోతే మిగతా సిట్టింగులకు వెళ్లినా ఇదే తంతు. మీ ఉత్తరం మొత్తంలో వ్యాయామం అన్న మాటే లేదు, నాకు అనుమానం వచ్చింది అక్కడే.

మీకు చేస్తున్నదాన్ని ఇన్‌స్ట్రుమెంట్ అసిస్టెడ్ సాఫ్ట్ టిష్యూ మొబిలైజేషన్ అంటారు, క్లినిక్కుల్లో మాత్రం అందరూ స్క్రేపింగ్ అనే అంటారు. చర్మం మీద వ్యాజలీన్ లాంటిది రాసి, అంచు నున్నగా ఉన్న స్టీలు పనిముట్టును కాస్త వాల్చి పట్టుకుని, కండ వెంబడి నెమ్మదిగా లాగుతారు. ఒకచోట చేతికి గరగరలాడినట్టు తగులుతుంది, అక్కడ అర నిమిషమో నిమిషమో ఆగి పనిచేస్తారు. చర్మం వెచ్చబడి ఎర్రబడుతుంది. ముంజేతికంతా కలిపి ఐదు నిమిషాలు చాలు. అంతకు మించి, పెనానికి మాడిన అట్టు గీకినట్టు బరబరా లాగేస్తున్నారంటే అది వైద్యం కాదు, వెంటనే ఆపమనండి.

ఇప్పుడు బాగా పేరున్న పద్ధతి అమెరికాలో మొదలైంది. డేవిడ్ గ్రాస్టన్ అనే ఆయనకు 1987లో వాటర్ స్కీయింగ్ చేస్తుండగా మోకాలికి దెబ్బ తగిలింది, మామూలు చికిత్సతో కాలు సరిగా వంగకపోయేసరికి తనే పనిముట్లు చేయించుకున్నాడు. తర్వాత అవే గ్రాస్టన్ టెక్నిక్ పేరుతో వ్యాపారమయ్యాయి. బ్రిటన్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ అంతకు ఎంతో ముందే వేలితో కండరానికి అడ్డంగా రుద్దే పద్ధతి చెప్పాడు, చైనాలో చర్మాన్ని గీకే గువా షా ఇంకా పాతది. కాబట్టి "కొత్త టెక్నాలజీ" అని ఎవరైనా చెప్తే అంత పొంగిపోనక్కర్లేదు.

అతుక్కున్నది విడగొట్టడం సంగతికొస్తే, నాకది నమ్మబుద్ధి కాదు. తొడ బయటి వైపూ, అరికాల్లోనూ ఉండే మందపాటి పొరను ఒక్క శాతం నొక్కాలన్నా, జరపాలన్నా మనిషి శరీరానికి మామూలుగా తగిలే బలం సరిపోదని 2008లో పరిశోధకులు లెక్కగట్టి చూపించారు. మరి మీ మోచేతి దగ్గర కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు లాంటి టెండాన్‌ను ఐదు నిమిషాల గీకుడు ఎలా మార్చేస్తుంది? అలాగని ఈ చికిత్సలో ఏమీ లేదనీ అనను. 2009లో ఎలుకల రెండు మోకాళ్లలోనూ ఎముకలను కలిపి ఉంచే లిగమెంటుకు గాయం చేసి, ఒకవైపు మాత్రమే పనిముట్టుతో రుద్ది చూస్తే, నాలుగు వారాలకు ఆ వైపుది 43 శాతం బలంగా తేలింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ పన్నెండు వారాలు వచ్చేసరికి రెండు వైపులకూ పెద్ద తేడా లేదు, పైగా మనం ఎలుకలం కాదు. మనుషుల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో ఒక సమీక్ష వచ్చింది. కీలు కాసేపు బాగా కదలడానికి కొంత ఉపయోగం ఉండొచ్చు, గాయం నయం చేస్తుందనడానికి మాత్రం తగినంత ఆధారం లేదు అని అందులో తేల్చారు.

అంటే మీకు కలుగుతున్న హాయి అబద్ధం కాదు. చర్మంలోని నరాలకు కొత్త స్పర్శ అందుతుంది, నొప్పి సంకేతాలు కాసేపు సద్దుమణుగుతాయి. ఆ కాసేపట్లో ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. హాయిగా ఉంది కదా అని సాయంత్రం పోయి రెండు గేములు ఆడొస్తే, మూడో రోజుకు నొప్పి మళ్లీ రావడంలో వింతేముంది?

ఇలా చేయండి. ముంజేతిని టేబుల్ మీద ఆనించి, అరచెయ్యి కిందికి, మణికట్టు అంచు దాటి బయట ఉండేలా కూర్చోండి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, ఎడమచేత్తో సాయం పట్టి మణికట్టును పైకి లేపి, తర్వాత కుడిచేత్తోనే నాలుగైదు సెకన్ల పాటు మెల్లగా దించండి. పది పదిహేను సార్లు, మూడు విడతలు. కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు, పదికి మూడు నాలుగు అనిపించేంత వరకూ భరించొచ్చు, తెల్లారేసరికి తగ్గితే చాలు. తగ్గకపోతే బరువు తగ్గించండి. తేలికయ్యే కొద్దీ బరువు పెంచుతూ కనీసం మూడు నెలలు చేయాలి. షటిల్ పూర్తిగా మానక్కర్లేదు, స్మాష్‌లు తగ్గించండి, రాకెట్‌ను బిగించి పట్టుకునే అలవాటుంటే అదీ మార్చుకోండి. ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమంటే తొందరపడకండి. మొదటి నెల బ్రహ్మాండంగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారని పరీక్షల్లో తేలింది.

ప్రశ్న: నేను టీచర్‌ని, వయసు 48, షుగర్ ఉంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో ప్రాణం పోతోంది, నాలుగడుగులు నడిచాక కాస్త నయం. వీడియోలు చూసి మా ఆయన ఆన్‌లైన్‌లో గీకే పనిముట్టు తెప్పించారు. ఇంట్లో చేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ పనిముట్టు పక్కన పెట్టండమ్మా. షుగర్ ఉన్నవాళ్లకు అరికాల్లో స్పర్శ తెలియకుండానే తగ్గిపోతుంది. ఎంత గట్టిగా గీకుతున్నారో మీకే తెలియదు, చర్మం చిట్లితే పుండు మానడం కష్టం. డాక్టరుకు చూపించి పాదాల స్పర్శ పరీక్ష చేయించుకున్నాకే మిగతా సంగతి.

మీరు చెప్పిన లక్షణాలు ప్లాంటార్ ఫేషియైటిస్‌వి, అంటే అరికాలి మందపాటి పొరకు మడమ దగ్గర వచ్చే నొప్పి. దీనికి డెన్మార్క్‌లో పరీక్షించి 2014లో ప్రచురించిన వ్యాయామం ఒకటుంది, నేను చాలామందికి అదే చెప్తాను. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి వేళ్లు పైకి వంగేలా చూసుకోండి. మూడు సెకన్లలో మడమ పైకి లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు చేయాలి. గోడో, రెయిలింగో పట్టుకోండి. ఒంటికాలి మీద చేతకాకపోతే మొదట రెండు కాళ్లతో. ఆ పరీక్షలో మూడు నెలలకు, స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే ఈ వ్యాయామం చేసినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఏడాదికి రెండు గుంపులూ దాదాపు ఒక్కటే, అంటే తొందరగా తగ్గడానికి ఇది పనికొస్తుంది. ఇక ఇంట్లో గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరగడం మానండి, వంటింట్లోకి వేరే మెత్తటి చెప్పులు పెట్టుకోండి. అత్తగారు ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. నాన్నగారు (68) హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఎడమ పిక్క పట్టేసిందంటున్నారు, కొంచెం వాచింది కూడా. స్టెంట్ వేశారు, క్లోపిడోగ్రెల్, ఎకోస్ప్రిన్ వాడుతున్నారు. ఇక్కడ మాకు తెలిసిన కైరోప్రాక్టర్ (వెన్నెముక, కీళ్లను చేత్తో సరిచేసేవారు) స్క్రేపింగ్ చేస్తానంటున్నారు. తీసుకెళ్లమంటారా?

జవాబు: వద్దు. దీనికి పత్రిక వచ్చేదాకా ఆగకూడదని మెయిల్‌లో వెంటనే చెప్పేశాను. మిగతావాళ్లకు పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాం. అన్ని గంటలు విమానంలో కదలకుండా కూర్చుని వచ్చాక ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమో అని మొదట అనుమానించాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు కదా, గడ్డ ఎలా కడుతుందని అనుకోవద్దు, స్టెంట్ కోసం ఇచ్చే ఈ మాత్రలు సిరల్లోని గడ్డలను ఆపుతాయని చెప్పలేం. రుద్దినా, గీకినా ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదముంది. అదే రోజు సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే నేరుగా 911కి ఫోన్ చేయడమే. స్కాన్‌లో ఏమీ లేదని తేలినా, ఈ మాత్రలు వాడేవాళ్లకు గీకితే చర్మం కింద రక్తం కమ్మి పెద్ద పెద్ద మచ్చలు పడతాయి, కాబట్టి అప్పుడూ వద్దనే చెప్తాను.

ప్రశ్న: గీకినప్పుడు ఎర్రటి చుక్కలు వస్తే లోపలి చెడు బయటికి పోతున్నట్టా?
- ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: కాదు. చర్మం కింద సన్నటి రక్తనాళాలు చిట్లాయి, అంతే. ఎర్రదనం ఎక్కువైతే చికిత్స బాగా పట్టిందని లెక్క కాదు. మామూలుగా కొద్దిరోజుల్లో పోతాయి, పోకముందే అదే చోట మళ్లీ గీకుతానంటే ఒప్పుకోకండి. చిట్లిన చర్మం నుంచి రక్తం పనిముట్టుకు అంటుకోవచ్చు, అందుకే మీకంటే ముందు వచ్చినవాళ్లకు వాడాక దాన్ని ఎలా శుభ్రం చేశారో మొహమాటం లేకుండా అడగండి. గుడ్డతో తుడిచామంటే లేచి వచ్చేయండి.