గుట్ట దిగే కాళ్లు

బిడ్డా,

దేవరకొండ ఖిల్లా దిగుతుంటే తొడలు వణికి బండ మీదనే కూలబడ్డానని నువ్వు ఫోన్‌ల చెప్పంగనే నవ్వొచ్చింది, ఏమనుకోకు. రోడ్డు మీద 10 కిలోమీటర్లు 50 నిమిషాల్ల కొట్టేటోనివి, నీకు దమ్ముకు ఏం తక్కువ? తొడలల్ల బ్రేకు లేదు, అంతే.

ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంట పనిచేస్తది. దిగేటప్పుడు సాగుకుంటనే ఒంటి బరువును ఆపాలె. ఆ సాగుడుకే లోపలి పోగులు దెబ్బతింటయి. అప్పటికప్పుడు తెల్వదు. నేను మొదటిసారి లతీఫ్‌సాబ్ గుట్ట ఉరుక్కుంట దిగి మస్తు మురిసిన. తెల్లారి మా ఇంటి మూడు మెట్లు గోడ పట్టుకొని, ఎనకకు తిరిగి, చంటిపిల్లగాని లెక్క దిగిన. మీ పెద్దమ్మ వచ్చినోళ్లందరికీ ఇప్పటికీ చెప్తది.

దానికి మందు కూడా దిగుడే. ఒకసారి కొంచెం నొచ్చిన కండరం మళ్లసారి అంత నొవ్వదు, ఆ బలం కొన్ని వారాలు నిలుస్తది. వారానికి ఒక్కపొద్దు చిన్న గుట్ట చాలు. అడుగులు పొట్టిగ వెయ్యి, మోకాలు జర వంచు. పొడుగు అంగలేసి మడమతోని కొడితే ఆ దెబ్బంత మోకాలికే. అడుగు చప్పుడు ఎంత తక్కువుంటే అంత మంచిగ దిగుతున్నట్టు.

మన బండల మీద మొరం ఉంటది చూడు, గోలీల మీద కాలు పెట్టినట్టే జారుతది. పండ్లు తోముకునేటప్పుడు ఒంటికాలు మీద నిలబడు, చీలమండ కుదురుకుంటది. నవ్వేటోళ్లు నవ్వుతరు.

ఎక్కేటప్పుడు నిట్టనిలువు ఉన్నకాడ ఉరుకకు. చేతులు తొడల మీద ఆనిచ్చి నడువు, అసుమంటి చోట ఉరుకుడు కంటె నడకకే సత్తువ తక్కువ పడ్తది. ఆ నడుముకు కట్టుకునే సంచిల సగం సామాను ఇంట్ల పెట్టు, ఎక్కేటప్పుడు ప్రతి కిలో లెక్కకొస్తది.

ఎండ సంగతి మర్వకు. ఒంటిని చల్లబరచనీకి నెత్తురు తోలుకు పోతది, కాళ్లకు అందేది తగ్గుతది. ఒళ్లు ఎండకు అలవాటుపడనీకి 10–14 రోజులు పడ్తది, అందాక మెల్లగ పో. చెమటతోని ఉప్పు పోతది, ఉత్త నీళ్లే తాగకు, ఉప్పేసిన మజ్జిగ సీసా పట్టుకపో.

ఆదివారం పొద్దుగాల ఐదున్నరకు గుట్ట కింద ఉంట. నా మోకాళ్లతోని పైకి రాలేను. నువ్వు దిగేటప్పుడు చెవు అటే పెడ్త, చప్పుడు ఇనబడ్డదా, మళ్ల ఎక్కిస్త.

మీ పెదనాయిన