ఫారం తెరుస్తాను, సంతకం దగ్గర చెయ్యి ఆగిపోతోంది: అవయవదానంపై డాక్టర్ సలహా

ప్రశ్న: నా వయసు 44. బరంపురంలో ఉంటాం. నాలుగు నెలల క్రితం మా ఆడపడుచు కొడుకు బైకు మీంచి పడ్డాడు. తలకు గట్టి దెబ్బ తగిలితే విశాఖ తీసుకెళ్లాం. మూడో రోజు బ్రెయిన్ డెత్ అన్నారు, ఆ వెంటనే అవయవాలు ఇస్తారా అని అడిగారు. ఛాతీ కదులుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, ఎలా ఒప్పుకుంటాం? వద్దన్నాం. అది మనసులో ఉండిపోయింది. నేనైనా దాతగా పేరు రాయించుకుందామని ఫోన్లో ఫారం తెరుస్తాను. కళ్లు అన్న చోటికొచ్చేసరికి గుండె దడ మొదలవుతుంది, మూసేస్తాను. మా అత్తయ్య 'తథాస్తు దేవతలుంటారే, ఆ మాటలెందుకు' అంటారు. మా ఆయన 'నీ ఇష్టం' అని ఊరుకుంటారు. రాసిచ్చినవాళ్లను డాక్టర్లు సరిగా చూడరని కూడా విన్నాను. నాకు షుగర్ ఉంది. ఇది పిరికితనమా, లేక ఏమైనా జబ్బా?
– ఒక పాఠకురాలు, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: పిరికితనమూ కాదు, జబ్బూ కాదమ్మా. అవయవదానం మంచిదేనని తలూపేవాళ్లలో చాలామంది సంతకం దాకా రారు. వాళ్లకు విషయం తెలియక రావడం లేదనుకుని సదస్సులు పెడుతుంటారు గానీ, అన్నీ తెలిసినవాళ్లకూ చెయ్యి ఆగుతుంది. 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన దీన్నే పరిశీలించింది. ఎంత తెలుసు అన్నదానికంటే మనసులోని నాలుగు భావాలే ఎక్కువగా అడ్డం పడుతున్నాయని అందులో తేలింది. ఒళ్లు కోస్తారన్న జుగుప్స, పేరు రాస్తే చావును పిలిచినట్టేనన్న శంక, శరీరం నిండుగా పోవాలన్న పట్టు, డాక్టర్ల మీద అపనమ్మకం. మీ ఉత్తరంలో ఈ నాలుగూ ఉన్నాయి. నాలుగింటినీ కలిపి భయం అనేసుకుంటే ఏదీ తగ్గదు, ఒక్కోదానికి మందు వేరు.

అపనమ్మకంతో మొదలుపెడతాను. మిగతా మూడూ దాని నీడలోనే పెరుగుతాయి. మీరు దాతగా నమోదయ్యారో లేదో చూసుకుని వైద్యం చేసే పద్ధతి ఏ క్యాజువాలిటీలోనూ లేదు. బ్రెయిన్ డెత్ నిర్ధారించాల్సింది నలుగురు: ఆసుపత్రి వైద్యాధికారి, ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోని ఒక నిపుణుడు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్ (వాళ్లు దొరకనప్పుడు అర్హత ఉన్న మరో వైద్యుడు), చికిత్స చేస్తున్న డాక్టర్. అవయవ మార్పిడి చేసే బృందంలోని వాళ్లు ఇందులో ఉండకూడదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఈ గోడ కట్టింది. పరీక్షలు ఒకసారి చేసి సరిపెట్టరు. కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు చేసి, ఫారం 10 నింపుతారు.

ఆ పరీక్షలు ఎలా ఉంటాయో తెలిస్తే ఆ రోజు మీరు చూసింది కొంత అర్థమవుతుంది. మొదట మత్తుమందుల ప్రభావం లేదని, ఒళ్లు మరీ చల్లబడి లేదని ఖాయం చేసుకుంటారు. కంట్లో టార్చి వేస్తే కనుపాప ముడుచుకోదు. దూది పోగుతో నల్లగుడ్డు మీద తాకితే రెప్ప కొట్టుకోదు. చెవిలో ఐసు నీళ్లు పోస్తే కళ్లు ఆ పక్కకు తిరగవు. గొంతులోకి సన్నని గొట్టం దింపినా దగ్గు రాదు. ఆఖరిది శ్వాస పరీక్ష. వెంటిలేటర్ తీసి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ కొన్ని నిమిషాల పాటు ఛాతీని గమనిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 ఎంఎం (పాదరస కొలత) దాటినా రోగి ఒక్క ఊపిరి కూడా సొంతంగా తీసుకోకపోతే, శ్వాసను నడిపే మెదడు కాండం పనిచేయడం లేదని అర్థం. కోమాలో ఉన్న మనిషికి వీటిలో కొన్నైనా మిగిలి ఉంటాయి. కోమా నుంచి తిరిగొచ్చినవాళ్లున్నారు. సరిగా నిర్ధారించిన బ్రెయిన్ డెత్ నుంచి తిరిగి రావడం అన్నది లేదు.

మరి ఛాతీ ఎందుకు కదిలింది? గాలి నింపుతున్నది యంత్రం. గుండెకు కొట్టుకునే శక్తి తనలోనే ఉంది, ఆక్సిజన్ అందినంతసేపు అది ఆడుతుంది. ఒళ్లు వెచ్చగా ఉండడం అందుకే. కొందరిలో వేళ్లు కదులుతాయి, ఒక్కోసారి చెయ్యి కూడా కాస్త పైకి లేస్తుంది. అది వెన్నుపాము నుంచి వచ్చే కదలిక, మెదడుది కాదు. దీన్ని ముందే చెప్పకపోతే చూసినవాళ్లకు డాక్టర్లు అబద్ధం చెబుతున్నారనిపించడం సహజం. పోయాడన్న మాట, ఇస్తారా అన్న ప్రశ్న ఒకే ఊపిరిలో రావడం ఇంకా పెద్ద పొరపాటు. మొదటి మాట మనసుకు ఎక్కడానికి సమయమివ్వాలి, కుటుంబం 'ఇక లేడు' అని తనంతట తాను అనుకున్నాకే రెండోది ఎత్తాలి. మీ విషయంలో ఆ వరస తప్పిందని మీ ఉత్తరమే చెబుతోంది. ఆ స్థితిలో వద్దనడం మామూలు మనుషులు ఇచ్చే జవాబే.

అందుకని ఆ బాకీ తీర్చుకోవడానికి మాత్రం సంతకం చేయకండి. అపరాధభావంతో చేసిన నిర్ణయం ఆ భావం తగ్గగానే ఊగుతుంది. పైగా ఫారం తెరిచిన ప్రతిసారీ ఆ ఐసీయూ గది కళ్లముందుకు వస్తుంది. మీ దడలో సగం దానిదేనని నా అంచనా. మీ ఆడపడుచు దగ్గర 'మనం ఇచ్చి ఉండాల్సింది' అన్న మాట ఎత్తకండి. ఆ ఇంటి దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. మీకు నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యమే పదేపదే మెదలడం రెండు వారాలకు మించి రోజూ ఉంటుంటే ముందు దాని సంగతి చూడాలి. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా మాట్లాడతారు. ఫారం ఎక్కడికీ పోదు.

ఇక కళ్లు. గుండె, కాలేయం ఇస్తామని టిక్కు పెట్టి కళ్ల దగ్గర ఆగిపోయేవాళ్లు మీరొక్కరే కాదు. ముఖం అంటే మనిషి, అందులోనూ కళ్లు. కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శక పొర. చాలాచోట్ల దాన్ని మాత్రమే తీస్తారు. గుడ్డు మొత్తం తీసినా లోపల తొడుగు పెట్టి రెప్పలు మూస్తారు కాబట్టి ముఖం గుంట పడదు. మిగతా అవయవాలకు గొంతు కింద నుంచి పొత్తికడుపు దాకా ఒకటే కోత పెట్టి, మామూలు ఆపరేషన్‌లాగే కుట్టేస్తారు. కొత్త గుడ్డ కట్టాక అది కనపడదు. స్నానం, పాడె, దహనం, పదో రోజు పిండం, ఏదీ ఆగదు. ఇంత చెప్పినా మనసు ఒప్పుకోకపోతే కళ్ల దగ్గర టిక్కు పెట్టకండి. ఏవి ఇవ్వాలో ఎంచుకునే హక్కు ఫారంలోనే ఉంది. అన్నీ లేదా ఏదీ వద్దు అనే పట్టుదల వల్లే చాలా ఫారాలు సగంలో ఆగిపోతాయి.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. నోటితో అంటే జరుగుతుందన్న జంకు ఆమెకే కాదు, చదువుకున్నవాళ్లలోనూ ఉంటుంది. కీడెంచి మేలెంచమని కూడా మన పెద్దలే అన్నారని గుర్తు చేయండి, వాదన మాత్రం పెట్టుకోకండి. నిజానికి మన దేశంలో మరణానంతర దానంలో గుండె, కాలేయం, కిడ్నీల్లాంటివి దాదాపుగా ఐసీయూలో బ్రెయిన్ డెత్ అయినవాళ్ల నుంచే తీస్తారు. అలాంటి మరణాలు అరుదు. సంతకం చేసినవాళ్లలో చాలామంది కాగితం ఎప్పటికీ అక్కరకే రాదు. ఇంట్లో పోయినవాళ్ల నుంచి ముఖ్యంగా తీసుకోగలిగేది కళ్లే, అదీ 6 గంటల్లోపు. ఈలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి పైన తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా పెట్టాలి.

అసలు చిక్కు మీ ఆయన 'నీ ఇష్టం'లో ఉంది. 2003లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం దానానికి ఒప్పుకున్నట్టు లెక్కలో ఉన్నవాళ్లు ఆస్ట్రియాలో 99.98 శాతం, పక్కనే ఉన్న జర్మనీలో 12 శాతం. ఆస్ట్రియన్లకు జాలి ఎక్కువని కాదు. అక్కడ వద్దని రాయనివాళ్లందరూ దాతలే. జర్మనీలో కావాలని రాయాలి, మన దగ్గరా అంతే. అయితే మీరు రాసినా, ఆ రోజు ఐసీయూ బయట డాక్టర్లు అడిగేది మీ ఇంటివాళ్లనే. వాళ్లు కాదంటే ఆచరణలో అది అక్కడితో ఆగిపోతుంది. దానంలో ఎన్నో ఏళ్లుగా ముందున్న స్పెయిన్ కూడా కుటుంబంతో మాట్లాడడంలో తర్ఫీదు పొందిన సమన్వయకర్తల వల్లే ఆ స్థాయికి వచ్చింది. కాబట్టి సంతకం కంటే ముందు జరగాల్సింది మాట.

ఆ మాట పొడుగ్గా ఉండక్కర్లేదు. భోజనాలయ్యాక టీవీ ఆపి, 'ఏమండీ, నాకేదైనా అయి డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి బ్రెయిన్ డెత్ అని రాసిస్తే, ఇవ్వగలిగినవి ఇచ్చేయండి. ఎవరైనా అడిగితే ఇది తను చెప్పిన మాట అనండి' అంటే చాలు. పద్దెనిమిది దాటిన పిల్లలుంటే వాళ్లు కూడా వినాలి. ఇలా చెప్పి ఉంచితే ఆ రోజు ఆయన నిర్ణయం తీసుకోనక్కర్లేదు, మీ మాట అప్పజెబితే సరిపోతుంది. ఆ తేడా ఆయనకు చాలా బరువు దించుతుంది. పండగ రోజునో, ఎవరినైనా పరామర్శించి వచ్చిన రోజునో ఈ మాట ఎత్తకండి.

కాగితం ఫారం (ఫారం 7) నింపితే ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లలో ఒకరు దగ్గరి బంధువై ఉండాలి. చట్టం దృష్టిలో దగ్గరి బంధువులంటే భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ నానమ్మలు, మనవలు. అత్తగారు, బావ, మరిది ఈ జాబితాలో లేరు. ఆన్‌లైన్‌లో అయితే జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో (NOTTO) వెబ్‌సైట్‌లో ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. ఆధార్‌కు ముడిపడి ఉన్నది పాత నంబరైతే ఓటీపీ దగ్గర ఆగిపోతారు. ముందు అది సరిచేయించుకోండి. అత్యవసర సంప్రదింపు గడిలో మీ నంబరు కాకుండా మీ ఆయనదో, పిల్లలదో రాయండి. తర్వాత మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. సందేహాలకు నోటో ఉచిత నంబరు 1800 11 4770 ఉంది.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి తలకు దెబ్బ తగిలిన కేసులు కొన్ని భువనేశ్వర్, కటక్ వైపు, కొన్ని విశాఖ వైపు వెళ్తాయి. అవయవదానం వ్యవహారాలను ఒడిశాలో రాష్ట్ర అవయవ మార్పిడి సంస్థ సొట్టో, ఆంధ్రలో ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ చూసుకుంటాయి. నోటోలో నమోదు దేశమంతటికీ పనికొస్తుంది కాబట్టి రెండుచోట్లా రాయించుకోనక్కర్లేదు. భువనేశ్వర్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీ ఇంటి పెద్దవాళ్లకు ఒడియా అంతగా రాకపోతే, తెలుగులో చెప్పగలిగేవాళ్లను పంపమని గట్టిగా అడగండి. సగం అర్థమైన మాట మీద ఎవరూ సంతకం పెట్టకూడదు. ప్రమాదం కేసైతే పోలీసు పంచనామా, పోస్టుమార్టం కూడా ఉంటాయి. ఒప్పుకున్నాక భౌతికకాయం చేతికి రావడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. ఇది ముందే తెలియకపోతే ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లతో గొడవవుతుంది. అవయవాలు తీయడానికి, అంతదాకా శరీరాన్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదు. బిల్లులో కనిపిస్తే సమన్వయకర్తను నిలదీయండి.

దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని ఒడిశా 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. సూరజ్ అవార్డు పేరిట కుటుంబానికి 5 లక్షల రూపాయలు కూడా ఇస్తోంది. దీన్ని పట్టుకుని 'అమ్ముకున్నారు' అనే నోళ్లు ఉండనే ఉంటాయి. అది ప్రభుత్వం చేసే గౌరవమే గానీ బేరం కాదు. అవయవాల అమ్మకానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

షుగర్ ఉందని ఆగక్కర్లేదు. ఏ అవయవం పనికొస్తుందో ఆ రోజు పరీక్షలు చేసి తేలుస్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్ల కళ్లు, చాలాసార్లు కాలేయం కూడా పనికొస్తాయి. కంటి అద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా కార్నియాకు అడ్డు కాదు. కిడ్నీలు మాత్రం షుగర్ ఎంత అదుపులో ఉందన్నదాని మీద ఉంటుంది. అందుకని మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. ఇవి దానం కోసం కాదు, మీ కోసమే.